తంగేడు నేలలో వయ్యారిభామ పాగా
స్థానిక వృక్షజాతులకు పరదేశీ మొక్కల ముప్పు

శివ్వంపేట: బతుకమ్మ పండుగ సమీపించిందంటే మెదక్ జిల్లా పల్లెల్లో తంగేడు, గునుగు పూల కోసం గుట్టలు, బీళ్లు, చెలక గట్లు గాలించడం ఆనవాయితీ. నర్సాపూర్ అటవీ ప్రాంతానికి చేరువలోని శివ్వంపేట మండలమూ ఇందుకు మినహాయింపు కాదు. అయితే ఆ పూలు పూచే నేలల్లోనే అమెరికా ఖండాల నుంచి వచ్చిన వయ్యారిభామ, సర్కారు తుమ్మ, లాంటానా వంటి మొక్కలు వేళ్లూనుకున్నాయి. 2014లో రాష్ట్ర పుష్పంగా గుర్తింపు పొందిన తంగేడుకు సొంత నేలపైనే చోటు కరవవుతోంది.

విదేశాల నుంచి వచ్చిన ప్రతి మొక్కా హానికరం కాదు. మిరప, టమాటా, మొక్కజొన్న సముద్రాలు దాటి వచ్చినవే. పల్లెవాసులు అడవి పండుగా భావించే సీతాఫలం సైతం అమెరికా ఉష్ణమండలానిదే. గునుగును ఆఫ్రికా మూలంగా లెక్కించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. మనిషి సాయం లేకుండానే వ్యాపించి, పొరుగు మొక్కలను తొలగించి, నేలనంతా ఆక్రమించే వాటినే దురాక్రమణ జాతులంటారు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన సంస్థకు చెందిన సి.సుధాకర్ రెడ్డి 2008లో ప్రచురించిన జాబితాలో దేశంలో ఇటువంటి జాతులు 173 ఉన్నట్లు తేల్చారు. వాటిలో అత్యధికం ఉష్ణమండల అమెరికాకు చెందినవి.

వైవిధ్యం లెక్క ఇలా

ఒక ప్రాంతంలో ఎంత పచ్చదనం ఉందన్నది వైవిధ్యానికి కొలమానం కాదు. నేలపై నిర్ణీత కొలత గల చట్రాన్ని పరచి, అందులో ఎన్ని జాతులున్నాయి, ఒక్కో జాతి మొక్కలు ఎన్ని అన్నవి శాస్త్రవేత్తలు లెక్కిస్తారు. పది జాతులున్నా నూటికి తొంభై మొక్కలు ఒకే జాతివైతే అక్కడ వైవిధ్యం క్షీణించినట్లే. దురాక్రమణ మొక్కల ప్రభావంపై వెలువడిన 199 పరిశోధన పత్రాలను, వాటిలోని 1,041 క్షేత్ర పరిశీలనలను క్రోడీకరించి 2011లో ఐరోపా శాస్త్రవేత్తలు ఒక విశ్లేషణ ప్రకటించారు. ఆక్రమణకు గురైన చోట్ల స్థానిక మొక్కల వైవిధ్యం సగటున దాదాపు సగానికి పడిపోయిందని, మొత్తం పచ్చని పదార్థం మాత్రం పెరిగిందని అందులో తేలింది. బీడు పచ్చగా కనిపించినా పశువుకు మేత దొరకకపోవడంలోని మర్మం ఇదే.

మాట వినని వయ్యారిభామ

రోడ్ల అంచులు, పాఠశాలల ఆవరణలు, పంట వేయని చెలకలు... వయ్యారిభామ కనిపించని చోటు జిల్లాలో అరుదు. దీనికే కాంగ్రెస్ గడ్డి అని మరో పేరు. పీఎల్-480 పథకం కింద అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న గోధుమలతో ఇది దేశంలోకి వచ్చిందన్నది బహుళ ప్రచారంలో ఉన్న మాట. కానీ ఆ ఒప్పందంపై భారత్ సంతకం చేసింది 1956 ఆగస్టులో. పుణెలో మొక్క కనిపించింది 1955లో. కాబట్టి నిందంతా ఆ పథకానిదే అనడానికి వీల్లేదు.

ఒక్కో మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాల్చుతుంది. మొలకెత్తిన నెల, నెలన్నర రోజుల్లోనే పూతకు వస్తుంది. దీని ఆకులు, వేళ్ల నుంచి వెలువడే పార్థెనిన్ వంటి రసాయనాలు పక్కనున్న గింజలను సరిగా మొలకెత్తనివ్వవు. పశువులు సాధారణంగా దీనిని ముట్టవు. గరికను, ఇతర గడ్డిని కొరికి దీనిని వదిలేయడంతో మేపు జరిగిన కొద్దీ దీనికే మేలు కలుగుతుంది. గత్యంతరం లేక తిన్న పశువుల పాలు చేదెక్కుతాయి. తాకిన మనుషులకు చర్మవ్యాధులు, పుప్పొడి వల్ల ఉబ్బసం తప్పవు.

సర్కారు తెచ్చిన తుమ్మ

సర్కారు తుమ్మ చరిత్ర వేరు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోం కోరిన మీదట జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండిన నేలలకు కట్టెల కొరత తీరుతుందన్నది నాటి ఆలోచన. ఆ కొరత కొంత తీరిన మాట వాస్తవమే. నేటికీ పేద కుటుంబాలకు ఇదే వంటచెరకు, బొగ్గు బట్టీలకు ఇదే ముడిసరకు. మేకలు, గొర్రెలు తియ్యని కాయలు తిని, అరగని గింజలను పెంటతో పాటు ఊరంతా వెదజల్లుతాయి. దట్టమైన తుమ్మ పొదల కింద గడ్డి మొలవదు. పైపైన నరికితే మొదలు నుంచి మరిన్ని కొమ్మలు వేస్తుంది. చెరువు శిఖాల్లో దీనికి లొట్టపీసు, నీటిపైన గుర్రపుడెక్క తోడవుతున్నాయి.

అడవి లోపల సమస్య లాంటానాది. పల్లెల్లో దీనిని తలంబ్రాల చెట్టు అంటారు. పూల అందానికి మురిసి పంతొమ్మిదో శతాబ్దారంభంలో కలకత్తా ఉద్యానవనానికి తెచ్చిన ఈ పొద దేశంలో 1.54 లక్షల చదరపు కిలోమీటర్ల అడవిలో విస్తరించినట్లు భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు 2020లో అంచనా వేశారు. పక్షులు పండ్లు తిని విత్తనాలు చేరవేస్తాయి. దీని నీడన మోదుగ, నల్లమద్ది, తునికి వంటి ఆకురాల్చే అడవి చెట్ల మొలకలు ఎదగలేవు. పెద్ద చెట్లు నిలిచి ఉన్నంత కాలం నష్టం కంటికి ఆనదు. అవి ముదిరి పడిపోయినప్పుడు వాటి స్థానం భర్తీ చేసే తరం ఉండదు.

పీకితే సరిపోదు

మట్టి తవ్వకాలు, రోడ్డు పనులు, ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన భూములే ఈ మొక్కలకు ప్రవేశ ద్వారాలు. హైదరాబాద్‌కు చేరువలోని మండలాల్లో ఇటువంటి భూములకు కొదవ లేదు. ఖాళీ నేలను తిరిగి పచ్చబరచకుండా ఒక మొక్కను తొలగిస్తే ఆ స్థానంలోకి అదే మొక్కో, మరో పరాయి మొక్కో చేరడం ఖాయం. ఉపాధి పనుల్లో తుమ్మ కొట్టించి చేతులు దులుపుకోవడం వల్ల ఒరిగేది స్వల్పం.

వయ్యారిభామను పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకొని వేళ్లతో పెకలించాలి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీనిపై అవగాహన వారం నిర్వహిస్తారు. 1983లో దేశానికి తెచ్చి, తర్వాత బెంగళూరులో విడిచిన మెక్సికో పెంకుపురుగు వర్షాకాలంలో దీని ఆకులు తింటుంది. వేసవిలో మాత్రం అది నేలలో నిద్రాణంగా ఉంటుంది. లాంటానా విషయంలో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్.బాబు రూపొందించిన పద్ధతి మేలు. కాండం, వేరు కలిసే చోటుకు కొద్ది సెంటీమీటర్ల దిగువన వేరును కోసి, పొదను తలకిందులుగా పడవేస్తే మళ్లీ చిగురించదు.

జిల్లాలో ఒకప్పుడు ఏ మొక్కలున్నాయో తెలుసుకోవడానికి ఆధారం లేకపోలేదు. ఆచార్య టి.పుల్లయ్య తదితరులు ఉమ్మడి మెదక్ జిల్లా వృక్షజాతులపై గ్రంథం వెలువరించారు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం పంచాయతీల స్థాయిలో యాజమాన్య కమిటీలు స్థానిక జాతుల నమోదు పుస్తకాలు తయారు చేయాల్సి ఉంది. ఊరి పశువుల కాపరులు, నాటువైద్యులు చెప్పే పేర్లు అందులో చేరితేనే ఏది తగ్గిందో, ఏది కనుమరుగైందో తెలుస్తుంది.

వయ్యారిభామను అణచగల మొక్కలుగా పరిశోధకులు గుర్తించిన వాటిలో తగిరిస, వెంపలితో పాటు తంగేడు కూడా ఉంది. తంగేడు దట్టంగా ఉన్న గుట్టలోకి వయ్యారిభామ అంత తేలికగా చొరబడలేదు. కాయలు ఎండినప్పుడు గింజలు సేకరించి, తొలకరికి ముందు పెకలించిన నేలల్లో చల్లుకోవచ్చు. దీనికి పెద్దగా ఖర్చు లేదు. పండుగకు కోసే పూలలో కొన్నింటిని చెట్టునే కాయకు వదిలితే చాలు.