సైన్యం వెనక నడిచిన ఆడవాళ్లు

మా అమ్మాయి ఒకరోజు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం చదువుతా, "అమ్మా, ఇన్నేళ్లు కొట్లాడారు కదా, వాళ్ల బట్టలు ఎవరు ఉతికారు?" అని అడిగింది. నాకు తెలీదు. అప్పట్నుంచి వెతికి చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ యుద్ధం 1775 నుంచి 1783 దాకా జరిగింది. పదమూడు వలస రాజ్యాలు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డాయి. సైన్యం వెనక వేల మంది ఆడవాళ్లు, చంకన పిల్లలతో నడిచారు. సరదాకి కాదు. మగమనిషి సైన్యంలోకి పోతే ఇంట్లో సంపాదన లేదు. జీతం టైముకి రాదు, వచ్చినా ఆ కాగితం డబ్బుకి విలువ పడిపోయింది. ఊళ్లో ఉంటే శత్రువు సైన్యం ఎప్పుడు మీద పడుతుందో తెలీదు. అందుకే మూట కట్టుకుని బయల్దేరారు.

వాళ్లు బట్టలు ఉతికారు, కుట్టారు, వండారు, జబ్బు మనుషుల్ని చూసుకున్నారు. ఉతుకుడు లేకపోతే పేలు, జ్వరాలు. 1775లో సైనిక ఆసుపత్రిలో పది మంది రోగులకు ఒక ఆయా లెక్కన పెట్టి నెలకు 2 డాలర్లు ఇచ్చారు.

సేనాపతి జార్జ్ వాషింగ్టన్‌కి మాత్రం మొదట్లో వీళ్లంటే చిరాకు. గర్భిణులు, పిల్లల తల్లుల వల్ల సైన్యం నడక సాగడం లేదని 1777 ఆగస్టులో ఆర్డరు రాశాడు. అదే నెలలో ఫిలడెల్ఫియా నగరం గుండా సైన్యం నడిచేటప్పుడు ఒక్క ఆడమనిషి కూడా వాళ్లతో కనిపించకూడదన్నాడు. తర్వాత 15 మంది సైనికులకు ఒక్క ఆడమనిషికే రేషన్ అని లెక్క పెడితే, 1783 జనవరిలో ఆయనే ఉత్తరం రాశాడు: ఎక్కువ ఉన్న ఆడవాళ్లకీ తిండి పెట్టక తప్పదు, లేకపోతే మంచి పాత సైనికులే వదిలి పోతారని. ఆరేళ్లకి తెలిసొచ్చింది పాపం!

సారా ఆస్‌బర్న్ అనే ఆమె కథ నాకు బాగా గుర్తుండిపోయింది. భర్త ఆమెకు చెప్పకుండా మళ్లీ సైన్యంలో చేరి, నువ్వూ రా అన్నాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. బండి గానీ గుర్రం గానీ ఇస్తామని మాట తీసుకున్నాకే కదిలింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర కందకాల్లో ఉన్న సైనికులకు మాంసం, రొట్టె, కాఫీ మోసుకెళ్లేది. గుండ్లకు భయం లేదా అని వాషింగ్టన్ అడిగితే, మగవాళ్లు కొట్లాడుతూ పస్తులు కూడా ఉండలేరు కదా అందంట. అక్కడ ఓడిపోయిన కారన్‌వాలిసే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, బెంగాల్లో జమీందార్లకు శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802లో అదే మన సర్కారు జిల్లాలకీ వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పోయినేడు లోను ఫారాలు నింపేటప్పుడు మా గ్రూపులో అందరికీ వృత్తి దగ్గర "గృహిణి" అని నేనే రాశాను. ఆ పది మందిలో ఏడుగురు నాట్లకీ కలుపుకీ పోయేవాళ్లే. ఒకక్క ఫారం చూసి, "మరి నేను పొలంలో చేసేది ఏంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫారాలు అప్పటికే పంపేశాం.

యుద్ధం అయ్యాక సారాని, ఇద్దరు పిల్లల్ని భర్త వదిలేసి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1837లో, 81 ఏళ్ల వయసులో, పింఛను కోసం ఆమె కోర్టులో వాంగ్మూలం ఇచ్చింది. వండింది, ఉతికింది, కందకాలకు మోసింది అంతా చెప్పింది. అధికారులకు కావలసింది ఆమె ఆ సైనికుడి పెళ్లామా కాదా అన్నదే. పింఛను వచ్చింది. తనని వదిలిపోయిన ఆ మనిషి వితంతువుగా వచ్చింది.