మండలం (సర్కిల్)

మండలం సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన పదం. మొదటి అర్థం గుండ్రని గీత, వలయం. సిద్దిపేట జిల్లా మద్దూరులో ఈ మాట వింటే మాత్రం తహసీల్దారు ఆఫీసే గుర్తుకొస్తుంది. "మండలానికి పోయిండు" అంటే పాసుబుక్కు కోసమో, కులం సర్టిఫికెట్టు కోసమో వెళ్లాడని అర్థం.

వలయం కాస్తా పాలనా ప్రాంతం కావడం చాలా పాత సంగతి. రాజును, అతని చుట్టూ ఉండే మిత్రులను, శత్రువులను కలిపి కౌటిల్యుని అర్థశాస్త్రం రాజమండలం అంది. చోళమండలం యూరోపియన్ల నోట కోరమాండల్ అయింది. కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్నంతకాలం మహామండలేశ్వరులే. ఆ వంశపు రుద్రదేవుడి స్వతంత్ర పాలనకు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం సాక్ష్యం. పాలనకు బయట కూడా ఈ మాటకు అర్థాలున్నాయి. ఋగ్వేదానికి 10 మండలాలు. అయ్యప్ప మాల వేసుకున్నవారికి మండలం అంటే 41 రోజులు. ఒంటిమీద గుండ్రని మచ్చలుండే పాములను ఆయుర్వేదం మండలులంది.

నేటి అర్థానికి మూలం 1985. తాలూకా కేంద్రాలు పల్లెలకు దూరమని ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను, పంచాయతీ సమితులను తీసేసి చిన్న మండలాలను ఏర్పరచింది. శాసన మండలి రద్దయిందీ ఆ ఏడాదే. మండలి పోయి మండలం వచ్చిందన్నమాట! మండలి 2007లో తిరిగొచ్చింది. వరంగల్ జిల్లాలో ఉన్న మద్దూరు మండలం 2016 అక్టోబరు 11న కొత్త సిద్దిపేట జిల్లాలో చేరింది.

ఇంగ్లీషు సర్కిల్ కూడా ఇదే దారిన నడిచింది. దాని మూలం వలయమనే అర్థమున్న లాటిన్ పదం. మన దగ్గర అది పోలీసులకు కొన్ని స్టేషన్ల పరిధి, ఊళ్లో చౌరస్తా, కుర్రాళ్లకు స్నేహబృందం, తపాలా శాఖకు రాష్ట్రమంత ప్రాంతం. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ నేటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. అంటే మద్దూరు రైతు పొలం ఒక రాష్ట్రంలో, ఫోను మరో రాష్ట్రం పేరుమీద!

పోలికకు మరో భాషను చూస్తే, పోలిష్ ఇన్ని పనులను ఒక్క మాటకు అప్పగించలేదు. చక్రానికీ, విద్యార్థి సంఘానికీ కోవో, స్నేహబృందానికి క్రొంక్, కూడలిలోని గుండ్రని మలుపుకు రోండో అంటారు. రేఖాగణితంలోని వృత్తరేఖ ఒక్రొంక్. ఎన్నికల నియోజకవర్గం ఒక్రెంక్. ఈ చివరి జంటకు తేడా ఒక్క అచ్చే. గుండ్రని గీత నుంచి పాలనా హద్దు పుట్టడం మనకొక్కరికే ప్రత్యేకం కాదనడానికి ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు. అయితే మన మండలంతో పోల్చదగిన పోలెండు స్థానిక పాలనా విభాగాన్ని గ్మినా అంటారు. దానికి వలయంతో సంబంధం లేదు.

మళ్లీ మద్దూరుకొస్తే, అదే పేరుతో నారాయణపేట జిల్లాలోనూ ఒక మండలం ఉంది. అర్జీ రాసేవారు జిల్లా పేరు తప్పక రాయాలి.