దుకాణాల్లో చేతివాటం: నివారణ మార్గాలేమిటి? చట్టం ఏం చెబుతోంది?

లెక్కల ప్రకారం దుకాణంలో ఉండవలసిన సరుకుకూ, వాస్తవంగా ఉన్న సరుకుకూ మధ్య కనిపించే తేడాను చిల్లర వర్తకంలో ‘ష్రింకేజ్’ అంటారు. తెలుగులో దీన్ని సరుకు తరుగు అనవచ్చు. కొనుగోలుదారుల చేతివాటం, సిబ్బంది దొంగతనం, సరఫరాదారుల మోసం, లెక్కల్లో పొరపాట్లు ఇందుకు ప్రధాన కారణాలు. లాభం తక్కువగా ఉండే వ్యాపారంలో చిన్న తరుగు కూడా భారమే. అమ్మకాలపై నికర లాభం 2 శాతమే ఉన్న కిరాణా దుకాణంలో 100 రూపాయల సరుకు పోతే, ఆ నష్టం పూడడానికి 5,000 రూపాయల అమ్మకం జరగాలి.

అయితే తరుగు కనిపించిన ప్రతిసారీ దొంగతనం జరిగినట్లు కాదు. అనుమానంతో కొనుగోలుదారును నిర్బంధించినా, సిబ్బంది జీతంలో ఇష్టానుసారం కోత పెట్టినా యజమానే చట్టం ముందు దోషిగా నిలబడవలసి రావచ్చు.

తరుగును ఎలా లెక్కిస్తారు?

ప్రారంభ నిల్వకు కొనుగోళ్లను కలిపి, అమ్ముడైన సరుకు కొన్న ధరను తీసివేస్తే పుస్తక నిల్వ వస్తుంది. ఉదాహరణకు ప్రారంభ నిల్వ 10 లక్షలు, కొనుగోళ్లు 6 లక్షలు, అమ్ముడైన సరుకు కొన్న ధర 5.5 లక్షలు అయితే పుస్తక నిల్వ 10.5 లక్షల రూపాయలు. లెక్కించినప్పుడు 10.35 లక్షల సరుకే ఉంటే తరుగు 15,000 రూపాయలు. ఇందులో పాడైపోయినవి, గడువు తీరినవి, బిల్లులో తప్పుగా నమోదైనవి ఎన్నో ముందుగా తేల్చాలి. ఏడాదికొకసారి మొత్తం సరుకు లెక్కించడంతో సరిపెట్టకుండా, చిన్నవిగా ఉండి ఎక్కువ ధర పలికే వస్తువులను ప్రతి వారం లెక్కిస్తే తేడా ఎప్పుడు, ఏ విభాగంలో వచ్చిందో త్వరగా తెలుస్తుంది.

కొనుగోలుదారుల చేతివాటం

ఎవరూ చూడడం లేదన్న నమ్మకమే చేతివాటానికి ఊతం. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ సిబ్బంది పలకరించడం ఖర్చులేని నివారణ. కౌంటరు నుంచి అన్ని మూలలూ కనిపించేలా అరల ఎత్తు తగ్గించడం, ఖరీదైన వస్తువులను అద్దాల బీరువాల్లో ఉంచడం, ట్రయల్ రూములోకి తీసుకెళ్లే దుస్తులకు లెక్క ప్రకారం టోకెన్ ఇవ్వడం వంటివి ఉపకరిస్తాయి. ఆషాఢం సేల్, దసరా, దీపావళి, సంక్రాంతి రద్దీలో అదనపు సిబ్బందిని ద్వారం వద్ద, ట్రయల్ రూముల వద్ద నియమించడం మంచిది.

ద్వారం వద్ద మోగే ట్యాగుల వ్యవస్థకూ పరిమితి ఉంది. క్యాషియరు ట్యాగు తీయడం మరచిపోతే డబ్బు చెల్లించిన వ్యక్తి వెళ్లినా అలారం మోగుతుంది. కనుక అలారం మోగడం దొంగతనానికి రుజువు కాదు. బిల్లు చూపమని మర్యాదగా అడగడమే తొలి చర్య కావాలి. ట్రయల్ రూముల్లో కెమెరాలు అమర్చకూడదు. దుస్తులు మార్చుకునే స్త్రీని చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 77 ప్రకారం నేరం.

ఇంటిదొంగల విషయంలో

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. కానీ ఒకే వ్యక్తి చేతిలో పని మొత్తం పెట్టకపోతే ఇంటిదొంగకు అవకాశాలు తగ్గుతాయి. పరిచయస్తులకు కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా ఇవ్వడం, డబ్బు తీసుకున్నాక బిల్లు రద్దు చేయడం, సరుకు వాపసు వచ్చినట్లు చూపి నగదు తీయడం, దుకాణం క్యూఆర్ కోడ్ స్థానంలో సొంత కోడ్ పెట్టడం సాధారణ పద్ధతులు.

సరుకు ఆర్డరు చేసేవారు, దించుకునేవారు, బిల్లు చెల్లించేవారు వేర్వేరుగా ఉండాలి. బిల్లు రద్దుకూ, వాపసుకూ మరొకరి అనుమతి తప్పనిసరి చేయాలి. నగదు, కార్డు, యూపీఐ వసూళ్లను ఏ రోజుకారోజు బిల్లులతో సరిచూడాలి. ఈ నియమాలు యజమాని బంధువులకూ వర్తించాలి. అప్పుడే నిజాయితీగా పనిచేసేవారిపై అకారణంగా అనుమానం రాదు.

పట్టుబడితే ఏం చేయాలి?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ సెక్షన్ 303 ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలిన వ్యక్తి సొత్తునో దాని విలువనో తిరిగి ఇస్తే శిక్ష సామాజిక సేవ. సొత్తును భద్రపరచే భవనంలో దొంగతనానికి సెక్షన్ 305, యజమాని సొత్తును ఉద్యోగి దొంగిలిస్తే సెక్షన్ 306 ఏడేళ్ల వరకు శిక్ష నిర్దేశిస్తున్నాయి. ఏ సెక్షన్ వర్తిస్తుందన్నది పోలీసులు, న్యాయస్థానం తేల్చవలసిన విషయం.

భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నాన్ బెయిలబుల్ నేరం తన కళ్లెదుట జరిగితేనే సాధారణ పౌరుడు నిందితుణ్ని పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. అన్యాయంగా నిర్బంధిస్తే బీఎన్ఎస్ సెక్షన్ 127 కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. కొట్టడం, బలవంతంగా ఒళ్లు తడమడం, వీడియో తీసి సామాజిక మాధ్యమాల్లో పెట్టడం యజమానికే చిక్కులు తెస్తాయి. సీసీటీవీ దృశ్యాలు, బిల్లులు, సరుకు వివరాలు భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయడమే సరైన మార్గం.

జీతంలో కోత విధించవచ్చా?

తరుగును సిబ్బంది అందరికీ సమానంగా పంచి జీతాల్లో కోయడానికి చట్టం అనుమతించదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారం ప్రత్యేకంగా అప్పగించిన సరుకు గానీ, లెక్క చెప్పవలసిన డబ్బు గానీ ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో, తప్పు వల్లనో నేరుగా పోయినప్పుడే కోతకు వీలుంది. ముందుగా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోత నష్టాన్ని మించరాదు. అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. అందుకే ఏ సరుకు ఎవరి అధీనంలో ఉందో రాతపూర్వకంగా నమోదు చేయడం యజమానికీ, ఉద్యోగికీ కూడా రక్షణ.