కొండా, చెరకూ, సైన్సు పాఠమూ

చిన్నపిల్లలకు నేల, మొక్కల పాఠాలు చెప్పడానికి అనకాపల్లిలో దేనికీ కొదవ లేదు. మన తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే రాయి ఖొండలైటు. ఆ పేరు ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది. 1913 నుంచి ఇక్కడ చెరకు పరిశోధన సాగుతోంది.

అయినా ప్రాథమిక బడుల్లో సైన్సు చాలాకాలం బట్టీ చదువుగానే నడిచింది. 1980లలో బ్రిటన్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పిల్లల చేత చేయించి నేర్పమని మాస్టార్లకు శిక్షణ ఇచ్చింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డుతో సైన్సు కిట్లు అందాయి. చాలాచోట్ల అవి బీరువా దాటలేదు.

చెరకు ముచ్చె కన్ను మొలకెత్తడం చూడటానికీ, శారదా నది ఒండ్రును పిడికిట పట్టి చూడటానికీ కిట్టు అక్కర్లేదు. స్వర్ణోత్సవ నిధిలో కొంత, మన చిన్న తరగతుల పిల్లలను పొలానికీ, ఏటికీ, బొజ్జన్నకొండకూ తీసుకెళ్లడానికి ఉంచుదాం.