టీకాలాయన

ఇవి కాలిన మచ్చలు కావురా అబ్బయ్యా. మోచేతి కింద రెండుండాయి చూడు, టీకా మచ్చలు. ఆ మంట ఎగదోసి దగ్గరికి జరగండి, చెప్తా.

మన వాకాడు ఊళ్లో ఎండలు ముదిరినాయంటే ఊరంతా గుబులుగా ఉండేది. మశూచి అని ఎవురూ నోరెత్తి అనేవోళ్లు కాదు. ఫలానా వాళ్లింట్లో అమ్మవారు పోసింది అనేవోళ్లు, అదీ గొంతు తగ్గించి. గడపకు వేపమండలు కట్టేది. ఆ ఇంట్లో తాళింపు ఉండదు, చాకలికి గుడ్డలెయ్యరు. బిడ్డను వేపాకు పక్కమీద పండబెట్టి, పోలేరమ్మకు అంబలి పోస్తామని మొక్కుకునేది. టీకా లేనోళ్లలో పదిమందికి పోస్తే ముగ్గురు దక్కేవోళ్లు కాదు. దక్కినోళ్లకు మొహం నిండా గుంటలు, కొందరికి కళ్లే పోయినాయి. మా మేనత్త కొడుకు నా ఈడోడు. ఇద్దరం కలిసి ఏట్లో ఈతలు కొట్టినోళ్లం. వాడు పోయినాడు. వాణ్ణి చూడ్డానికి గూడా నన్ను పోనియ్యలేదు.

అప్పటికే చట్టముంది. మనం మద్రాసు రాజ్యంలో ఉన్నప్పుడు, 1939లో, ప్రజారోగ్య చట్టం చేసినారు. తాగే నీళ్లు, మురికి కాలవలు, సంతలు, తిరణాళ్లు, దోమలు, అన్నీ దాంట్లో ఉండాయి. అంటురోగమొస్తే దాచిపెట్టకూడదు, టీకా వేయించుకోవాల. 1953లో ఆంధ్ర వేరుపడినా ఆ చట్టం మనతోనే వొచ్చింది. అయితే కాగితం మీదుండే చట్టం ఈ ఊరి దాకా రావాలంటే ఒక మనిషి నడిచి రావాల గదా. ఆ మనిషే టీకాలాయన.

స్వర్ణముఖి ఏటి ఇసకలో సైకిలు నెట్టుకుంటా వొచ్చేవోడు. సంచిలో మందుండేది. మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉండాదే, ఆడ దూడల మీద తయారుచేసేవోళ్లు. ఎండకు చెడిపోయే మందది, నీడలు చూసుకుంటా తేవాల. చేతి మీద మందు చుక్క వేసి, పళ్లుండే చిన్న బిళ్ల పెట్టి గిర్రున తిప్పేవోడు. నెత్తురొచ్చేది. కొన్ని రోజులకు చీము పొక్కు, జ్వరం. అందుకే ఆయన సైకిలు కనపడితే తల్లులు పిలకాయల్ని దాచేవోళ్లు. మా అమ్మ నన్ను ధాన్యం బానల వెనక కూర్చోబెట్టింది. నొప్పికన్నా పెద్ద భయం ఇంకోటుంది ఆమెకు, టీకా వేయిస్తే అమ్మవారికి కోపమొస్తాదని.

పక్క ఊళ్లో ఇట్టాగే దాస్తే బలవంతంగా పట్టుకొని వేసినారంట. మళ్లా ఏడు ఆ ఊళ్లో ఒక్క తలుపు తెరవలేదు. మన టీకాలాయన అట్టాంటోడు కాదు. పోలేరమ్మ గుడికాడ చెప్పులిడిచి దణ్ణం పెట్టుకొని, “మీ మొక్కు మీరు తీర్చుకోండి తల్లీ, నా పని నన్ను చెయ్యనీండి,” అన్నాడు. ముందు తన చేతి మచ్చ చూపించినాడు. మా నాయన నన్ను బానల వెనక నించి తెచ్చి ఆయన ముందర నిలబెట్టినాడు. చట్టం చేతిలో ఉండి గూడా దాన్ని ఎత్తకుండా ఊరిని ఒప్పించినాడాయన. అట్టాంటోళ్లు దేశమంతా ఎంతమంది తిరిగినారో. వాళ్ల పేర్లు యాడా రాయలేదు, నాకు అదే బాధ.

1962లో దేశం మొత్తానికి మశూచి నిర్మూలన పథకం పెట్టినారు. నూటికి ఎనభై మందికి వేస్తే చాలనుకున్నారు, చాల్లేదు. వెయ్యనోళ్లలో జబ్బు తిరగతానే ఉండె. 1967 నించి ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా పూనుకునింది. అప్పుడే పద్ధతి మారింది. జబ్బున్న ఇంటిని వెతికి పట్టుకోవడం, చుట్టుపక్కల అందరికీ టీకా వెయ్యడం. ఒక వామి అంటుకుంటే చుట్టూ ఉండే వాముల్ని తడిపినట్టు. బిళ్ల పోయి రెండు మొనల సూది వొచ్చింది, ఎండకు తట్టుకునే పొడి మందొచ్చింది. పొక్కులుండే బిడ్డ బొమ్మ అచ్చేసిన కార్డు పట్టుకొని, ఇట్టాంటిది యాడన్నా చూసినారా అని ఇంటింటికీ అడిగినారు. చెప్పినోళ్లకు బహుమానం గూడా. యాభై రూపాయలతో మొదలుపెట్టి 1975కి వెయ్యి చేసినారు. ఆ రోజుల్లో వెయ్యంటే మాటలు కాదు!

మన దక్షిణాదిలో ముందే అణిగింది. ఆఖరి పెనుగులాట బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాల్ వైపు జరిగింది. 1975 మే నెలలో అస్సాం కరీంగంజ్‌లో ఒకామెకు పోసిందే మన దేశంలో చివరిది. 1980లో భూమ్మీదే లేదని చాటినారు.

మీ నాయన చేతికి ఈ మచ్చ ఉండాది, మీ చిన్నాయనకు లేదు. వాడు పుట్టేసరికి టీకా ఆపేసినారు. వాడి భుజం మీదది బీసీజీ, క్షయ రాకుండా వేసేది.

బుధవారం ఊళ్లో సూదులేస్తారంట, ఆశా అమ్మాయి చెప్పి పోయింది. మీ అక్క బిడ్డకు తొమ్మిదో నెల నిండింది, తట్టు సూది వేయించాల. జ్వరమొస్తాదేమోనని మీ అక్క వెనకాడతా ఉండాది. దాన్ని ఏమీ అనబాకండి. బిడ్డ కార్డు తీసి నాకియ్యండి, నేనే ఎత్తుకొని పోతా.