టోపీ దాచిన మొగుడు: ఐర్లాండ్ జలకన్య కథలో మన ఇంటి బీరువా

నల్లపాడు నుంచి మళ్లీ వచ్చేశాను. మాది పత్తి, మిరప పండే నేల. సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక పోవాల్సిందే. అయినా ఈరోజు టాపిక్ జలకన్యలు, అదీ ఐర్లాండ్ జలకన్యలు. మనకెందుకంటారా? వినండి.

ఐర్లాండ్‌లో జలకన్యని మెరో అంటారు. ఆమెకో చిన్న మాయ టోపీ ఉంటుంది. అది ఉంటేనే సముద్రం అడుగుకి వెళ్లగలదు. థామస్ క్రాఫ్టన్ క్రోకర్ అనే ఆయన ఐరిష్ జానపద కథలు పోగుచేసి, 1828లో రెండో సంపుటం అచ్చు వేశాడు. అందులో డిక్ ఫిట్జ్‌గెరాల్డ్ కథ ఉంది. ఒడ్డున తల దువ్వుకుంటున్న మెరోని డిక్ చూస్తాడు. చూడగానే చేసిన మొదటి పని, ఆ టోపీ లాగేసుకోవడం! ఆమె ఏడుస్తుంది. తర్వాత పెళ్లి, ముగ్గురు పిల్లలు, చూడముచ్చటైన సంసారం.

ఒకరోజు డిక్ పక్క పట్నం వెళ్తాడు. ఇల్లు సర్దుతుంటే, వలల వెనక గోడ కంతలో ఆమెకి టోపీ దొరుకుతుంది. అమ్మానాన్న గుర్తొస్తారు. చూసి వచ్చేద్దామని నీళ్లలోకి దిగుతుంది. అంతే, మళ్లీ రాదు. అసలు పాయింట్ ఇక్కడుంది. వాళ్ల నాన్నే బలవంతంగా ఆపేసి ఉంటాడని డిక్ చచ్చేదాకా నమ్మాడు. తనకై తాను వెళ్లిపోయిందేమో అన్న ఆలోచనే రాలేదు.

ఎక్కడో విన్నట్టుంది కదా? 1990లో వచ్చి, 2025లో మళ్లీ థియేటర్లలో ఆడిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ గుర్తు తెచ్చుకోండి. ఉంగరం లేకపోతే ఇంద్రజ స్వర్గానికి పోలేదు. ఆ ఉంగరం హీరో దగ్గరుంది. టోపీ బదులు ఉంగరం, సముద్రం బదులు స్వర్గం. సినిమా కాబట్టి సుఖాంతం.

మన దగ్గర దీనికి ఎదురు కథ కూడా ఉంది. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన భారతం ఆదిపర్వంలోని గంగ, శంతనుల కథ. గంగా నీళ్ల మనిషే. కానీ పెళ్లికి ముందే షరతు పెట్టింది: నేనేం చేసినా అడ్డు చెప్పకూడదు, చెబితే వెళ్లిపోతాను. ఏడుగురు బిడ్డల్ని నీటిపాలు చేసినా రాజు ఊరుకున్నాడు. ఎనిమిదోసారి ఆపాడు. ఆమె వెళ్లిపోయింది. ఆమె చేసింది మంచా చెడా అన్నది వేరే చర్చ. ఇక్కడ తలుపు తాళం మాత్రం ఆమె చేతిలోనే ఉంది. మెరోకి లేనిది అదే.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. కొత్త కోడలి బంగారం ‘భద్రంగా ఉంటుందమ్మా’ అని అత్తగారి బీరువాలోకి పోతుంది. తర్వాత ఏటీఎం కార్డు, సర్టిఫికెట్లు, ఫారిన్ సంబంధమైతే పాస్‌పోర్టు. అందరూ చెడ్డవాళ్లని కాదు. డిక్ కూడా ప్రేమగానే చూసుకున్నాడు. కానీ టోపీ తిరిగివ్వలేదు.

1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. స్త్రీధనం పూర్తిగా ఆమెదే. అత్తింటివాళ్ల దగ్గరుంటే అది దాచమని ఇచ్చిన సొమ్ము మాత్రమే, అడిగితే తిరిగివ్వాలి. ఇవ్వనంటే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు.

వెళ్లే దారి మూసేసి ఉంచుకున్న మనిషి, ఇష్టపడి ఉందో లేదో మనకెప్పటికీ తెలీదు. టోపీ ఆమె చేతిలో పెట్టాక కూడా ఉంటే, అప్పుడే అది కాపురం. ఈ ఎపిసోడ్ పెళ్లి కుదిరిన మీ ఫ్రెండ్‌కి పంపండి, అమ్మాయికైనా అబ్బాయికైనా. ఉంటాను మరి.