వర్గభేదము - బలసామ్యము

చదరంగమున ఇరుపక్షముల బలగమొక్కటే. తెల్లపక్షమునకు ఎన్ని గుఱ్ఱములో నల్లపక్షమునకును అన్నియే. మొదటి ఎత్తు ఎవరిదన్న భేదము తప్ప, ఓడినవాడు బలగమును నిందింప వీలులేదు. యోధుడొకవైపు, మాంత్రికుడొకవైపు నిలిచి పోరాడు ఆటలో న్యాయమును తూచుట యెట్లు? కంప్యూటరు ఆటల చరిత్రలో ఈ ప్రశ్నను మనమొకమారు పరిశీలింతము.

1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా 'మడ్' అను ఆటను ఆరంభించెను; రిచర్డ్ బార్టిల్ దానిని పెంపొందించెను. పలువురు ఒకే కల్పితలోకమున సంచరించుటకు అది దారిచూపినది. 1999లో వెలువడిన 'ఎవర్‌క్వెస్ట్'లో ఒకడు దెబ్బలు కాచుకొనును, ఒకడు గాయములు మాన్పును, ఒకడు దూరమునుండి మంత్రము ప్రయోగించును. మృగములతో పోరునపుడు ఈ భేదమే బలము. ఒకని లోపమును మరియొకడు పూరించును. వారే పరస్పరము తలపడినచో, ఆ భేదమే వివాదమగును.

2004 నవంబరులో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో తొమ్మిది పాత్రవర్గములుండెను. వానిలో పాలడిన్ అలయన్స్ పక్షమునకే, షామన్ హోర్డ్ పక్షమునకే చెందెను. పాలడిన్ కొన్ని క్షణములపాటు ఏ దెబ్బయు తాకని రక్ష పొందగలడు. షామన్ ఎదిరికి మేలుచేయు మంత్రములను కొన్నింటిని తొలగింపగలడు. 2005లో యుద్ధరంగములు తెరవబడగా, వార్‌సాంగ్ గల్చ్‌నందు పదుగురు పదుగురితో తలపడిరి. ఓడినవారికి ఎదిరివర్గమును వేలెత్తి చూపుట సులభము. అది తమకు దొరకనిది గదా!

2007 జనవరిలో 'బర్నింగ్ క్రూసేడ్' విడుదల కాగా, నిర్మాతలు ఆ రెండు వర్గములను ఉభయపక్షములకును ఇచ్చిరి. పక్షముల నడుమ న్యాయము కుదిరినది; వానికి గల ప్రత్యేకత కొంత పోయినది. అప్పుడే ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు జట్లుగా పోరాడు అరీనాలు వచ్చినవి. విడిగా సామాన్యమైన వర్గము తగిన తోడు దొరికినచో బలీయమగుట అచ్చట కనబడెను.

అంతకన్న చిక్కైనది మరియొకటి. అరీనా కొఱకు ఒక శక్తిని తగ్గించినచో, మృగములతో మాత్రమే పోరాడువాడును నష్టపోవును. 'గిల్డ్ వార్స్' నిర్మాతలు 2008లో కొన్ని విద్యలకు రెండు రూపములు కల్పించిరి: ఒకటి మృగములపై, ఒకటి మనుష్యులపై. వార్‌క్రాఫ్ట్‌లో 2016లో ఆయుధసంపదను చాలవరకు ప్రక్కనబెట్టి, పోరునకు కొలతపట్టికలను నిర్ణయించిరి. 2018లో వానిని విడిచిరి. శ్రమించి సంపాదించిన ఆయుధము పోరున అక్కరకు రానిచో, ఆ శ్రమకు ఫలమేది? అక్కరకు వచ్చినచో, క్రొత్తగా చేరినవానికి దిక్కేది?

అందరిని ఒక్క అచ్చున పోసినచో తగవు తీరును గాని, యోధుడుగనో మాంత్రికుడుగనో ఆడవలెనన్న కోరికకు అర్థముండదు. ఏ వర్గమును ఎంచుకొన్నను గెలుపునకొక దారి యుండవలెను. ఓడినపుడు తన ఆటను దిద్దుకొనుటకు వీలుండవలెను. సామ్యమనగా ఇదియే యని మా అభిప్రాయము.